పని అడుగుటలోని మర్యాద

మనుష్యుడు జీవనము కొరకు చేయు పని యొకటి. ఆ పని తనకు దొరకుటకై చేయు ప్రయత్నము వేరొకటి. మొదటిదానిని గూర్చి శరణులు విస్తారముగా బోధించిరి. కపటము లేక చేయబడు పని పూజతో సమానమనియు, దానికే కాయకమని పేరనియు వీరశైవ కుటుంబములలో పిల్లలకు సైతము తెలియును. రెండవదానిని గూర్చిన విచారణ మాత్రము తక్కువ. చేతిలో నేర్పు ఉన్నది, పనిముట్లు ఉన్నవి, తీరిక ఉన్నది. కాని పని ఇచ్చువారు లేరు. అప్పుడు నలుగురి గడపలు ఎక్కి పని అడుగవలెనా? అడిగినచో అది యాచన అగునా? అడుగక ఇంట కూర్చున్నచో అది అభిమానమా, సోమరితనమా? అడుగుట ఎంతవరకు మర్యాద, ఎచ్చట అది ఎదుటివానిపై ఒత్తిడిగా మారును? ఇవి చిన్న ప్రశ్నలుగా కనబడును. కాని సొంత కాళ్ళపై నిలువదలచిన ప్రతి యువకుని ఎదుటను నేడు ఇవి నిలిచియున్నవి.

ఈ విచారణకు ప్రకాశం జిల్లాలోని దర్శి పట్టణమును, అచ్చట సాగదగిన ఒక కొత్త వృత్తిని ఉదాహరణగా తీసికొనవచ్చును.

1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడువరకు దర్శి నెల్లూరు జిల్లాలోనిది. ఆ కొత్త జిల్లాకు 1972లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టబడినది. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగరు కాలువలకు నీరు విడువబడిన పిదప, కుడి కాలువ నీరు అందిన పొలములలో వరి పండినది. అందని మెరకలలో మిరప, ప్రత్తి, కంది, పొగాకు నిలిచినవి. అద్దంకి, పొదిలి, కురిచేడు మార్గములు కలియు ఈ ఊరిలో ఒక తరము వారు ఎడ్లబండి తోలిరి; తరువాతి తరము ట్రాక్టరు కొన్నది. 1983 డిసెంబరులో మారుతి 800 విడుదలైన తరువాతనే మధ్యతరగతి గృహస్థునకు కారును గూర్చిన ఆశ పుట్టినది. 2019లో పెనుకొండ సమీపమున కియా కర్మాగారము ఉత్పత్తి ఆరంభించుటతో, కార్లు రాయలసీమ నేలమీదనే తయారగు కాలము కూడ వచ్చినది. నేడు దర్శి వంటి పట్టణములలో వైద్యునికి, ఉపాధ్యాయునికి, మిర్చి వ్యాపారికి, నాలుగెకరములు మాగాణి గల రైతునకు సైతము కారు ఉండుట వింత కాదు.

కారు కొనుట ఒక యెత్తు. దానిని కాపాడుట ఒక యెత్తు. మిరపకాయలు కల్లములలో ఎండు దినములలో ఘాటైన ధూళి లేచును. నల్లరేగడి దారులలో తిరిగిన బండికి బురద ఆరి రాయివలె అంటుకొనును. చీమకుర్తి గ్రానైటు గనుల దిక్కునకు పోయివచ్చిన బండిమీద సన్నని రాతిపొడి కూర్చుండును. వేపచెట్టు నీడన నిలిపిన కారుపై జిగట పడును. పక్షుల రెట్ట రెండు దినములు ఎండలో ఉన్నచో రంగును తినివేయును. బోరు నీటిలోని లవణములు కారుపై ఆరిపోయి తెల్లని మచ్చలుగా నిలిచిపోవును. వాటర్ సర్వీసింగ్ దుకాణములలో బురద పోవును గాని ఈ సూక్ష్మములన్నియు తీరవు. బండిని అంగుళమంగుళము చూచి, లోపలి సీట్లు, తివాచీలు, ఏసీ గాలి వచ్చు జాలీలు మొదలుకొని పైరంగు మెరుగు వరకు శుద్ధిచేయు పనికి డీటైలింగ్ అని పేరు. ఇది నేర్పుతో కూడిన వృత్తి. ఇసుక రేణువులు అంటిన గుడ్డతో రుద్దినచో రంగుపై వలయములుగా గీతలు పడును. కావున సబ్బునీటికి ఒక బకెట్టు, గుడ్డను జాడించుటకు మరొక బకెట్టు ఉంచవలెను. మెత్తని మైక్రోఫైబరు గుడ్డ వాడవలెను. ఎండలో కాక నీడలో పనిచేయవలెను. ఓర్పు లేనివానికి ఈ పని లొంగదు.

ఇట్టి పనిని నేర్చిన ఒక యువకుని ఊహింతురు గాక. అతడు వారమున ఆరు దినములు ఒక ద్విచక్రవాహనముల దుకాణమున లెక్కలు వ్రాయును. జీతము ఇంటి కర్చులకు సరిపోవును. చెల్లెలి చదువునకు చాలదు. అప్పుచేసి ఒక ప్రెషరు పంపు, ధూళిని పీల్చు యంత్రము, పాలిషు యంత్రము కొన్నాడు. ఆదివారమునను, సాయంకాలములందును పని చేయవలెనని తలంపు. మొదటి నెలలో మేనమామ కారు, ఇంటి యజమాని కారు తప్ప మూడవ కారు రాలేదు. తల్లి అన్నది: "డిగ్రీ చదివి ఊళ్ళోవాళ్ళ కార్లు కడగడమేంట్రా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?" కొడుకు మారుపలుకలేదు. అతని మనసులో ఉన్న సంకోచమే తల్లి నోట వచ్చినది.

పని అడుగుటకు మొదటి అడ్డంకి ఈ సిగ్గే. దీనిని తొలగింపక మర్యాదను గూర్చి మాటలాడుట వ్యర్థము. ఏలయన, తన పనిని చూచి తానే సిగ్గుపడువాడు రెండు విధముల చెడును. ఒకటి, అడుగవలసిన చోట నోరు పెగలక ఊరకుండును. రెండు, అడుగ మొదలిడినచో ఆ సిగ్గును కప్పిపుచ్చుటకై గొప్పలు పలుకును. మౌనము, డంబము అను ఈ రెండు కొమ్మలకును వేరు ఒక్కటే.

పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమున బసవేశ్వరుని చుట్టు చేరిన శరణుల పేర్లను ఒక్కమారు తలచుకొనవలెను. మడివాళ మాచయ్య బట్టలుతికినవాడు. అంబిగర చౌడయ్య పడవ నడపినవాడు. మేదర కేతయ్య వెదురు బుట్టలు అల్లినవాడు. నులియ చందయ్య త్రాళ్ళు పేనినవాడు. హడపద అప్పణ్ణ తాంబూలపు సంచి మోసినవాడు. ఈ పేర్లలో ముందు నిలిచినది వంశము కాదు, బిరుదు కాదు, వృత్తి. అనుభవ మంటపమున తత్త్వము చర్చించు వేళ సైతము వారు తమ పనిని వాకిట విడిచి రాలేదు. పేరులో కట్టుకొని వచ్చిరి. వారి పేరే వారి ప్రకటన ఫలకము. "నేను ఫలానా పని చేయుదును" అని చెప్పుటలో వారికి దైన్యమును లేదు, దర్పమును లేదు. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో బసవపురాణము చెప్పినప్పుడు మాచయ్యకు ఉన్నత స్థానమిచ్చెను. బట్టలుతుకు వృత్తి ఆ గౌరవమునకు అడ్డు కాలేదు. ఒకరి వస్త్రము మాలిన్యమును పోగొట్టుట మాచయ్యకు పూజ అయినప్పుడు, ఒకరి వాహనము మాలిన్యమును పోగొట్టుట దర్శి యువకునకు అవమానము ఎట్లగును?

ఇక యాచనకును, పని అడుగుటకును భేదము స్పష్టము. యాచకుడు తన అవసరమును చూపును; పనివాడు ఎదుటివాని అవసరమును చూపును. "నాకు అప్పున్నది, చెల్లెలి చదువున్నది, ఒక కారు ఇప్పించండి" అన్నచో అది యాచనకు దగ్గర. దానివలన వచ్చిన పని జాలివలన వచ్చినదే. జాలి ఒక్కమారు ఇచ్చును, రెండవమారు తప్పించుకొనును. "ఈ పని నేను చేయుదును, ఇంత తీసికొందును, కావలసినప్పుడు చెప్పండి" అన్నచో అది నివేదనము. ఇందు ఎదుటివాడు కాదనుటకు స్వేచ్ఛ కలదు. ఎదుటివానికి కాదనుటకు స్వేచ్ఛను మిగుల్చుటయే పని అడుగుటలోని మర్యాదకు మూలసూత్రము. తక్కినవన్నియు దాని వివరములే.

మొదటి వివరము మాటకు సంబంధించినది. ఎదుటివాని కారును నిందించి పని సంపాదింపరాదు. "ఏంటి సార్, కారు ఇంత మురికిగా ఉంది?" అని నలుగురిలో అన్నవాడు నిజమే చెప్పియుండవచ్చును, కాని ఆ నిజము చెంపదెబ్బవలె తగులును. దర్శి వంటి ఊరిలో కారు అనగా చాలమందికి జీవితమున మొదటిసారి కొన్న కారు. దాని వెనుక నాలుగు మిరప పంటల కష్టమున్నది. ఇంకను తీరని బ్యాంకు వాయిదాలున్నవి. కావున కారును మెచ్చి మొదలిడి, ఒంటరిగా ఉన్నప్పుడు ఒక్క విషయము చెప్పిన చాలును: "బాబాయ్, రెట్ట పడినచోట రంగు పోకముందే తడిగుడ్డ వేసి నానబెట్టండి. పొడిగా తుడిస్తే గీత పడుద్ది." పని అడుగకుండగనే ఒక ఉపకారము జరిగినది. ఆ మాట వాని మనసున నిలుచును. నిలువకపోయినను నష్టము లేదు. ఒక కారు రంగు నిలిచినది.

రెండవది సమయము. పెండ్లి పందిరిలో పెండ్లికొడుకు తండ్రికి, ఆసుపత్రి వాకిట రోగి బంధువునకు, దినకర్మ జరుగు ఇంట గృహస్థునకు చీటీలు పంచుట కూడదు. ఒకమారు చెప్పిన పిదప రెండవమారు వారే అడుగువరకు ఆగవలెను. ఫోనులో ప్రతి పండుగకు శుభాకాంక్షలు పంపుచు దాని అడుగున ధరల పట్టిక చేర్చుట శుభాకాంక్షకును, ధరల పట్టికకును రెంటికిని గౌరవము తక్కువ చేయును.

మూడవది ఇతరుల వృత్తి. బస్టాండు దగ్గర వాటర్ సర్వీసింగ్ నడుపువాడు పది ఏండ్లనుండి ఆ పనిమీద ఇల్లు నిలుపుకొన్నవాడు. "వాడు కడిగితే గీతలు పడతాయి" అని ప్రచారము చేసి వాని ఖాతాదారులను లాగుకొనుట సులభము. కాని తన దీపము వెలుగుటకు పక్కవాని దీపము నార్పనక్కరలేదు. అతడు చేయు పని వేరు, తాను చేయు పని వేరు. వీలైనచో అతనితోనే మాటలాడి, పైపని అతడును, లోపలి శుద్ధి, మెరుగుపని తానును చేయునట్లు ఏర్పాటు చేసికొనవచ్చును. ఊరు చిన్నది, నేడు పోటీగా కనబడినవాడే రేపు పంపు చెడినప్పుడు ఆదుకొనువాడు.

నాలుగవది హద్దు చెప్పుట. కారు పైరంగు పొరలన్నియు కలిపి సాధారణముగా వంద మైక్రానులకు కొంచెము అటునిటు ఉండును. వెండ్రుక మందము పాటి అది. పాలిషు యంత్రము పెట్టిన ప్రతిసారియు పై పొరలో కొంత అరుగును. గోరు తగులునంత లోతైన గీత పాలిషుతో పోదు. ఈ సంగతులు ముందు చెప్పినచో కొందరు వెనుకకు పోవుదురు. చెప్పకున్నచో డబ్బు ఇచ్చిన పిదప పోవుదురు. "ఈసారి పాలిషు అక్కరలేదండీ, కడిగి మైనం పూత వేస్తే చాలు" అని తక్కువ డబ్బు వచ్చు సలహా ఇచ్చినవాని మాటను, మరుసటి ఏడు ఎక్కువ డబ్బు వచ్చు సలహా ఇచ్చినప్పుడు సైతము నమ్ముదురు. కాని నమ్మకము కొరకు మాత్రమే నిజము చెప్పుట వ్యాపార యుక్తి. నిజము కనుక చెప్పుట కాయకము. ఫలితము రెంటికిని ఒకటే అయినను, ఫలితము రాని దినమున ఈ రెండింటి భేదము తెలియును.

ఐదవది ధర. పని మొదలిడకముందే ధర చెప్పవలెను. బండి పరిమాణమును, పని పరిమాణమును బట్టి చెప్పవలెను గాని యజమాని మెడలోని గొలుసును బట్టి కాదు. నులియ చందయ్య పేనిన త్రాటికి ఒకప్పుడు ఉచితమైన వెలకు మించిన ధనము రాగా, అది తన కాయకమునకు తగినది కాదని అతడు అంగీకరింపలేదని సంప్రదాయ కథ. ఇచ్చువాడు బసవన్నయే అయినను అతని తీర్పు మారలేదు. అధికముగా వచ్చినది సైతము తప్పే అని తలచిన ఆ త్రాళ్ళవాని ఎదుట, ముఖము చూచి ధర చెప్పు అలవాటు తల వంచుకొనవలసినదే.

ఆరవది నమ్మకములకు సంబంధించిన సున్నితము. కొత్త కారుకు పూజచేసి పసుపు, కుంకుమ పెట్టుదురు. ముందు నిమ్మకాయ కట్టుదురు. లోపల తమ ఇష్టదైవమును నిలుపుకొందురు. ఒకరు శివలింగమును, ఒకరు సిలువను, ఒకరు అరబ్బీ అక్షరముల ఫలకమును పెట్టుకొందురు. వీటిని తీయుటకు ముందు అడుగవలెను. తీసినదానిని శుభ్రమైన గుడ్డలో ఉంచి, ఉన్నచోటనే తిరిగి పెట్టవలెను. సీటు క్రింద దొరికిన రూపాయి నాణెము, పాత ఉత్తరము, పిల్లవాని బొమ్మ అన్నియు ఒక సంచిలో వేసి అప్పగింపవలెను. పరుల కారులోనికి దిగుట పరుల ఇంటిలోనికి దిగుటయే.

ఇంతవరకు చెప్పినవి వినుటకు ఎవరికిని కష్టము లేదు. కష్టమైనవి రెండున్నవి. మొదటిది బంధుత్వము; రెండవది ప్రలోభము.

సమాజములో నలుగురు పెద్దలు తెలిసిన యువకునకు, ఆ పరిచయములే తొలి ఖాతాదారులుగా తోచుట సహజము. "మనవాడు గదా, మనకు ఇయ్యకపోతే ఎవరికి ఇస్తారు?" అను వాదము వినుటకు ఇంపుగా ఉండును. కాని ఇందు ఎదుటివానికి కాదను స్వేచ్ఛ ఉన్నదా? మఠమున జంగమస్వామి ఎదుట కూర్చుండియున్న భక్తుని, అదే పంక్తిలో కూర్చున్నవాడు పని అడిగినచో, అతడు ఇష్టము లేకున్నను తల ఊపును. ఆ తల ఊపుట అతనిది కాదు, ఆ స్థలముది. పవిత్ర స్థలపు బరువును వాడుకొని తెచ్చుకొన్న పని, తూకపురాయి క్రింద వ్రేలుపెట్టి అమ్మిన సరుకు వంటిది. కావున మఠమును, సమాజ సభను వ్యాపారపు వాకిలి చేయరాదు. అచ్చటివారే తరువాత ఇంటికి పిలిచి పని ఇచ్చినచో అది వేరు మాట.

ఈ ధర్మము ఒక వైపుకే వర్తించునది కాదు. పెద్దలును వినదగిన మాట ఒకటి కలదు. "మన అబ్బాయే గదా" అని ఊరక కడిగించుకొనుట, ధర సగము చేయుమనుట, పని అయిన పిదప "తరువాత చూద్దాంలే" అని పంపివేయుట చాలచోట్ల జరుగుచున్నది. యువకుడు సిగ్గుచే అడుగలేడు. బయటివాడు ఇచ్చిన డబ్బుతో బంధువుల కార్లు కడుగు స్థితి వచ్చును. దాసోహమనగా ఉన్నవాడు లేనివానికి వినయముతో అర్పించుట; ఉన్నవాడు లేనివాని శ్రమను ఉచితముగా గైకొనుట కాదు. మఠములు సైతము తమ వాహనమునకు పని చేయించినప్పుడు నిండు ధర ఇచ్చి పంపినచో, అది ఆ యువకునకు ఆశీర్వచనముకంటె తక్కువ మేలు కాదు. అతడు తన వంతుగా సేవ చేయదలచినచో ఆ నిర్ణయము అతనిదై ఉండవలెను.

బంధుత్వము వంటిదే ఉద్యోగము. ఆ యువకుడు లెక్కలు వ్రాయు దుకాణమున వందలాది ఖాతాదారుల పేర్లు, ఫోను నంబర్లు పుస్తకములో ఉన్నవి. వారిలో కార్లు కలవారెందరో అతనికి తెలియును. ఒక రాత్రిలో అందరికిని సందేశము పంపవచ్చును. పంపినచో పదిమందియైనను వత్తురు. కాని ఆ నంబర్లు వారు ఇచ్చినది బండి సర్వీసు కొరకు, అతని పక్కపని కొరకు కాదు. వ్యక్తుల డిజిటల్ సమాచారమును కాపాడుటకు 2023లో పార్లమెంటు ప్రత్యేక చట్టమునే చేసినది. చట్టము లేకున్నను అది నమ్మి ఇచ్చిన వస్తువును దారి మళ్ళించుటయే. చేయదగినది ఒక్కటే: యజమానితో దాపరికము లేక చెప్పి, అనుమతించినచో దుకాణమున ఒక చిన్న ఫలకము పెట్టుకొనుట, అనుమతింపనిచో ఊరకుండుట. ప్రభుత్వోద్యోగికైనచో ఈ హద్దు మరింత కఠినము. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళి, 1964 ప్రకారము ముందుగా అనుమతి లేక ప్రైవేటు వ్యాపారము కూడదు. తన బల్ల ఎదుట పనికి వచ్చి నిలిచినవానిని ఖాతాదారుగా చేసికొనువాడు పని అడుగుట లేదు. సుంకము వసూలు చేయుచున్నాడు.

ఇక ప్రలోభము. దీనిని ఒక ఉదాహరణతో విచారింతము.

2024 సెప్టెంబరు తొలి దినములలో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మొదలగు ప్రాంతములు దినముల తరబడి నీటిలో నిలిచినవి. అనేక వాహనములు మునిగినవి. మునిగిన కారును మరమ్మతు చేయించి, ఆ సంగతి చెప్పి అమ్ముకొనుటలో దోషము లేదు. దోషము దాచుటలో ఉన్నది. నీట మునిగిన తీగల సంధులు నెలల పిదప తుప్పుపట్టును. ప్రమాదవేళ తెరచుకొనవలసిన గాలిసంచులు తెరచుకొనకపోవచ్చును. బ్రేకులను అదుపుచేయు యంత్రభాగములు దారిలో మొండికేయవచ్చును. పైకి మాత్రము ఒక్క వాసన, కొంత బురద చార, సీటు పట్టాల తుప్పు తప్ప గుర్తులు ఉండవు. ఆ గుర్తులను తుడిచివేయుటకు తగిన నేర్పు డీటైలింగు చేయువాని చేతిలోనే ఉన్నది.

ఇప్పుడు దర్శి యువకుని వద్దకు పాత కార్ల మధ్యవర్తి ఒకడు వచ్చెననుకొందము. అతడు ఇట్లనును: "తమ్ముడూ, ఈ బండి లోపలంతా వాసన లేకుండా, చార కనపడకుండా చెయ్యి. నువ్వు అడిగినంత ఇస్తా. నెలకి పది బళ్ళు నీకే పంపిస్తా." నెలకు పది బండ్లు! అప్పు తీరును, చెల్లెలి రుసుము కట్టబడును, ఊరిలో పేరు వచ్చును. ఏ ఇంటి గడపయు ఎక్కనక్కరలేదు. పైగా అతడు ఎవరికిని అబద్ధము చెప్పనక్కరలేదు, కడిగిన చాలును.

ఇచ్చట ఒక వాదము పుట్టును. దానిని తేలికగా త్రోసివేయరాదు. "కడుగువానికి అమ్మకముతో ఏమి పని? చాకలి, బట్ట ఎవరిదని విచారించునా? క్షురకుడు, క్షౌరము చేయించుకొనువాడు ఎచ్చటికి పోవునని అడుగునా? నా చేతిలోనికి వచ్చినది మురికి. నేను పోగొట్టినది మురికి. మోసము చేసినవాడు మధ్యవర్తి." ఈ వాదమున కొంత సత్యము కలదు. లోకములోని ప్రతి వస్తువు తరువాతి చరిత్రను విచారించుచు కూర్చున్నచో ఏ వృత్తియు సాగదు. తెలియక చేసినవానికి దోషము లేదు.

కాని ఈ యువకునకు తెలియును. అతనికి అప్పగించిన పని శుభ్రము చేయుట కాదు, గుర్తులను మాపుట. శుభ్రమైన కారు కావలసినవాడు వాసన పోవలెననును. కొనువాని కన్ను కప్పదలచినవాడు వాసన తెలియరాదనును. చేతులు చేయు పని రెంటను ఒకటే. పనికి ఉన్న ప్రయోజనము వేరు. వాదములోని చాకలి ఉపమానమునకు చాకలివృత్తి చేసిన శరణుడే సమాధానము. మడివాళ మాచయ్య భక్తుల వస్త్రములను మాత్రమే ఉతికెననియు, కష్టపడక తినువాని బట్ట ముట్టలేదనియు ప్రసిద్ధి. ఆనాటి ఆ నియమము భక్తికి సంబంధించినది. నేడు మతము చూచి కారు కడుగుమని దాని అర్థము కాదు. తన చేతి శ్రమ ఏ కార్యమునకు తోడ్పడుచున్నదో చూచు అధికారము కడుగువానికి సైతము కలదని దాని అర్థము. "నేను కడుగువాడను మాత్రమే" అనువాడు వినయవంతుడుగా కనబడును గాని, నిజమునకు తన కాయకమును తానే తక్కువ చేసికొనుచున్నాడు.

అట్లయిన అతడు మధ్యవర్తిని తిట్టి పంపవలెనా? అక్కరలేదు. మర్యాద ఇచ్చటనే పరీక్షకు నిలుచును. అతడు నెమ్మదిగా చెప్పదగిన మాట ఇది: "అన్నా, పని చేస్తాను. బిల్లు మీద మాత్రం 'నీట మునిగిన బండి, లోపలి శుద్ధి' అని రాసిస్తాను. కొనేవాళ్ళకి ఆ కాగితం చూపించండి." మధ్యవర్తి నిజాయితీపరుడైనచో అంగీకరించును, ఆ కాగితము అతనికి సైతము రేపటి తగవులలో రక్షణ. అంగీకరింపనిచో అతని ఉద్దేశము వెల్లడియగును. నిందింపకుండ, ఉపన్యసింపకుండ, ఒక చిన్న షరతుతో సత్యాసత్యములు వేరుపడినవి. వినియోగదారుల రక్షణకు 1986లో ఒక చట్టము, దాని స్థానమున 2019లో మరొక చట్టము వచ్చినవి. కాని దర్శి సంతలోనో, ఒంగోలులోనో ఆ కారు కొని భార్యాబిడ్డలను ఎక్కించుకొనబోవు అజ్ఞాత గృహస్థుని పక్షమున ఆ క్షణమున నిలిచియున్నది చట్టము కాదు. గుడ్డ చేతపట్టిన ఆ యువకుడొక్కడే.

దీనివలన అతనికి లాభము కలుగునా? కలుగునని హామీ ఇచ్చుట ధర్మము కాదు. పది బండ్లు పోవుట పోవుటయే. ఆ మధ్యవర్తి మరొకనిని వెదకికొనవచ్చును. ఆ మరొకడు పెద్ద షెడ్డు వేసికొనవచ్చును. అప్పు మరి రెండేండ్లు నడువవచ్చును. ధర్మమును ఆచరించినవానికి వెంటనే సిరి వచ్చునని చెప్పుట ధర్మమును వ్యాపారము చేయుట. అతనికి నిశ్చయముగా మిగులునది ఒక్కటే: మరునాటి ఉదయము ఇష్టలింగమును అరచేత పట్టినప్పుడు ఆ చేయి తనదిగా ఉండును.

ఇంకొక విషయము. దర్శి ప్రాంతమున వేసవిలో నీటికి ఎద్దడి ఏర్పడుట కొత్త కాదు. వీధిలో బిందెలు వరుసలో ఉన్నప్పుడు ఒక కారుమీద గొట్టముతో నీరు పోయుట చట్టరీత్యా నేరము కాకపోవచ్చును. చూచువారి గుండెకు అది గాయము. అట్టి దినములలో బకెట్టు నీటితో, తడిగుడ్డతో తీరు పని మాత్రమే ఒప్పుకొనవలెను, మంచినీటిని వాడరాదు. పొరుగువారి కన్ను తడిపి సంపాదించిన ఖాతాదారుడు నిలువడు.

చివరకు మిగిలినది, ఎంతమంది ఖాతాదారులు చాలుదురు అను ప్రశ్న. ఆయ్దక్కి మారయ్య బియ్యపు గింజలు ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు అతడు నిత్యముకంటె ఎక్కువ తెచ్చినప్పుడు భార్య లక్కమ్మ అధికమును తిరిగి అచ్చటనే పోసిరమ్మనెనని కథ. ఆ సాధ్వి పేదరికమును కోరలేదు. అవసరమునకును, ఆశకును మధ్య గల గీటును చూపినది. పక్కపనికి ఈ గీటు మరింత అవసరము. ఆరు దినములు దుకాణమునకు, సాయంకాలములు కార్లకు, ఆదివారము కార్లకు పోయినచో తల్లితో మాటలాడుటకు, పూజకు, నిద్రకు ఏమి మిగులును? నిద్ర లేని చేతిలో పాలిషు యంత్రము ఒకరి కారు రంగును కాల్చివేయును. చేయగలిగినంతకే ఒప్పుకొని, "ఈ వారము వీలుకాదండీ, వచ్చే ఆదివారము చేస్తాను" అని చెప్పగలుగుట కూడ మర్యాదయే. పని ఎక్కువైనచో పొరుగున పనిలేని పిల్లవానికి నేర్పి, కూలి నిండుగా ఇచ్చి చేర్చుకొనవచ్చును. నేర్చిన విద్యను పంచుట దాసోహములో ఒక భాగమే.

ఆ యువకుని తల్లి ప్రశ్నకు సమాధానము ఇప్పుడు దొరకును. నలుగురు చూచి ఏమనుకొందురు? కొందరు కార్లు కడుగువాడందురు. అది నిజమే, మాచయ్యను సైతము లోకము బట్టలుతుకువాడనెను. ఆ మాటకు తల దించుకొననివాడు గొప్పలు పలుకనక్కరలేదు, కాళ్ళు పట్టనక్కరలేదు, పరుని దీపము నార్పనక్కరలేదు. వాకిట ఒక చిన్న ఫలకము కట్టి, చేయు పనిని, తీసికొను ధరను వ్రాసి, అడిగినవారికి ఉన్నది ఉన్నట్లు చెప్పిన చాలును. ఆ ఫలకమును కట్టుటకు మొదటి మేకు కొట్టవలసినది ఆ తల్లియే. పని ఇచ్చువారు పని చూచి ఇత్తురు గాక. ఇంటివారు ఆ పనిని గౌరవింతురు గాక. మఠములు ఆ చేతులకు నిండు కూలియు, నిండు ఆశీస్సును ఇచ్చును గాక.